కరువులో ఉన్నోళ్ల చేత రాళ్లు కొట్టించడమేంటి? నేరుగా తిండి పెడితే ఏం పోయేది?

చెరువుగట్టు
గ్రూప్స్ కోసం చదువుతూ 1876–78 కరువు దగ్గర ఆగిపోయాను. బళ్లారి, కర్నూలు, కడప వైపు ఊళ్లకు ఊళ్లు ఎండిపోయి జనం ఆకులు అలములు తింటున్నారు. సర్కారు చేసిన సాయం ఏంటయ్యా అంటే కంకర కొట్టు, మట్టి మొయ్యి, ఆ తర్వాత ఇంత గింజలు పట్టుకెళ్లు. రోజుల తరబడి కడుపులో ఏమీ లేనివాడు సమ్మెట ఎలా ఎత్తుతాడు? గింజలు ఉన్నప్పుడు పెట్టేయొచ్చుగా? పని చేస్తేనే పెడతాననడం సాయమా, శిక్షా? మన వంద రోజుల పని కూడా ఆ ఆలోచనలోంచే పుట్టిందా? నా దగ్గరున్న పుస్తకంలో "సహాయక చర్యలు చేపట్టారు" అని ఒక్క లైన్ రాసి వదిలేశారు. తెలిసినవాళ్లు చెప్పండి.

నిమ్మకాయ_సోడా
ఒక్కో లైన్ దగ్గర ఇలా ఆగిపోతే నువ్వు సిలబస్ పూర్తిచేసేలోపు ఇంకో నోటిఫికేషన్ వచ్చి వెళ్లిపోతుంది భయ్యా.

లెక్కలమాస్టారు
శిక్ష అనలేదు గానీ "పరీక్ష" అన్నారు. ఎంత కష్టమైనా వచ్చాడంటే వాడు నిజంగా ఆకలిగొన్నవాడే, లేకపోతే రాడు అని లెక్క. ఇది మన దగ్గర పుట్టిన ఆలోచన కాదు. 1834లో ఇంగ్లండ్‌లో పేదల చట్టాన్ని మార్చినప్పుడు ఒక సూత్రం పెట్టుకున్నారు. సాయం పుచ్చుకునేవాడి బతుకు, బయట అందరికన్నా తక్కువ కూలికి పనిచేసేవాడి బతుకు కన్నా హీనంగా ఉండాలి. లేకపోతే అందరూ సర్కారు కూటికే ఎగబడతారని భయం. ఆ భయాన్నే ఓడెక్కించి ఇక్కడ దించారు.

రిచర్డ్ టెంపుల్ అనే దొర సంగతి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. 1873–74లో బీహార్‌లో కరువొస్తే అక్కడ సాయం నడిపింది ఆయనే. బర్మా నుంచి నాలుగు లక్షల టన్నులకు పైగా బియ్యం తెప్పించి ధారాళంగా పంచాడు. ఆకలిచావులు దాదాపు లేవు. దానికి ఆయనకు దక్కింది తిట్లు. అంత డబ్బు తగలేస్తావా అని సొంత మనుషులే ఏకిపారేశారు. తర్వాత 1877 జనవరిలో వైస్రాయ్ లిట్టన్ ఆయన్నే మద్రాసుకు పంపాడు. ఈసారి దొర చెయ్యి బిగబట్టాడు. మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా. పౌనంటే 450 గ్రాములు. ఆడవాళ్లకూ పిల్లలకూ అంతకన్నా తక్కువ. చరిత్రలో దాని పేరే "టెంపుల్ కూలి".

మద్రాసు శానిటరీ కమిషనర్ (ప్రజారోగ్యం చూసే అధికారి) డాక్టర్ కార్నిష్ ఒప్పుకోలేదు. కనీసం పౌనున్నర ధాన్యం, దాంతో పాటు పప్పో కూరగాయలో ఉండాలని, ఈ కూలితో మనుషులు శిబిరాల్లోనే రాలిపోతున్నారని పేజీలకు పేజీలు రాశాడు. గోల పెరిగాక ఆ ఏడాది ఎండాకాలంలో కూలి పెంచారు. అప్పటికే చాలా నష్టం జరిగిపోయింది. ఆ కరువులో దక్షిణాదిన, పడమరన కలిపి పోయినవాళ్లు 55 లక్షలకు తక్కువ ఉండరని ఎక్కువమంది చెప్పే అంచనా.

ఇదంతా జరుగుతుండగా 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియాను భారత సామ్రాజ్ఞిగా ప్రకటిస్తూ దర్బారు, విందులు. అది సిలబస్‌లో ఉంటుంది, చూసుకో.

చెరువుగట్టు
మాస్టారూ, అంటే మంచి పని చేసి తిట్లు తిన్నాడు, తిట్లు పడకూడదని చెడ్డ పని చేశాడు. అంతేనా?

లెక్కలమాస్టారు
దాదాపు అంతే. పైవాడు పంపిందే ఖర్చు తగ్గించడానికి. మద్రాసు గవర్నర్ బకింగ్‌హామ్ ప్రభువు ముందుజాగ్రత్తగా ధాన్యం కొనిపెడితే "వ్యాపారంలో వేలు పెట్టావు" అని లిట్టన్ కోప్పడ్డాడు. ధాన్యం మాత్రం ఓడల్లో బయటి దేశాలకు పోతూనే ఉంది.

గోదావరి_గాలి
తిట్టడం సులువే. ఆ పనుల వల్లే కదా కొన్ని ఆస్తులు మిగిలాయి. బకింగ్‌హామ్ కాలువ కరువు పనిగా తవ్విందే. మా వైపు 1832–33 డొక్కల కరువులో గుంటూరు జిల్లాలో సగానికి దగ్గరగా జనం పోయారంటారు. గోదావరి జిల్లా కూడా అప్పుడే చితికిపోయింది. తర్వాత కాటన్ దొర ధవళేశ్వరం కట్టాడు, ఆ తర్వాత బెజవాడలో కృష్ణ మీద కట్టారు. మళ్లీ అలాంటి కరువు మా డెల్టా చూడలేదు. ఊరికే గంజి పోసి ఉంటే ఏం మిగిలేది?

కాకి_లెక్క
మనుషులు మిగిలేవారు.

లెక్కలమాస్టారు
గోదావరి_గాలి గారూ, మీరు రెండు వేరు వేరు సంగతులు కలిపేశారు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. డొక్కల కరువుకీ దానికీ మధ్య 14 ఏళ్లున్నాయి. అది ఆకలిగొన్నవాళ్లకు కూలి చూపించడానికి కట్టింది కాదు, మళ్లీ కరువు రాకుండా కట్టింది. డిజైన్, డబ్బు, మేస్త్రీలు, రాయి, సున్నం, అన్నీ ఒక పద్ధతిలో జరిగాయి. బకింగ్‌హామ్ కాలువ కూడా పెదగంజాం నుంచి మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు మొత్తం కరువు పని కాదు. చాలా భాగం అంతకుముందే ఉంది. 1877–78లో కరువు కూలీల చేత తవ్వించింది మద్రాసు నగరంలో కూవం నదినీ అడయార్‌నీ కలిపే ముక్క. పేరు మాత్రం మొత్తానికి గవర్నర్‌ది పెట్టేశారు.

కాటన్ అయితే 1878లో లండన్‌లో పార్లమెంటు కమిటీ ముందు కూడా, రైళ్ల మీద పెట్టేది కాలువల మీద పెట్టండని పోట్లాడాడు. ఆయన్ను దుబారా మనిషి అన్నారు.

నిమ్మకాయ_సోడా
420 కిలోమీటర్లలో చివరి కాస్త తవ్వించి మొత్తానికి పేరు పెట్టుకోవడం. ఈ సంప్రదాయం అప్పట్నుంచే ఉందన్నమాట.

తాతలనాటి_కబుర్లు
లక్నోలో బడా ఇమాంబరా కూడా 1784 కరువులో నవాబు అసఫుద్దౌలా జనానికి పని కల్పించడానికే మొదలుపెట్టించాడు. పగలు మామూలు జనం కట్టేవాళ్లు, రాత్రి చీకట్లో పెద్దింటివాళ్లు వచ్చి కట్టినదాంట్లో కొంత పడగొట్టేవాళ్లట. పెద్దింటివాళ్లకీ తిండి లేదు, పగలు పనికి వస్తే పరువు పోతుంది కదా. అందుకని రాత్రి కూలి.

కాకి_లెక్క
కట్టడం కరువు కాలానిదే. రాత్రి పడగొట్టడం మాత్రం గైడ్లు చెప్పే కథ. కానీ కథ బాగుంది. పరువుగలవాడు పనికి రాడు, అడగడు, ఇంట్లోనే చస్తాడు అన్న సంగతి అందులో ఉంది.

అర్థశాస్త్రం_అభిమాని
బ్రిటిష్‌వాళ్లు కనిపెట్టినట్టు మాట్లాడుతున్నారేంటి? కౌటిల్యుడు ఎప్పుడో చెప్పాడు, కరువొస్తే రాజు విత్తనాలూ తిండీ ఇచ్చి ఆదుకోవాలి, లేదా తిండి ఇచ్చి కోటలు, సేతువులు (అంటే చెరువు కట్టలు, ఆనకట్టలు) కట్టించాలి అని.

కాకి_లెక్క
మీరే చదవండి మళ్లీ. విత్తనం, తిండి ముందు చెప్పాడు. పని తర్వాత చెప్పాడు. "లేదా" అని కూడా చెప్పాడు.

రిటైర్డ్_ఏఈ
నేను కరువు మండలాల్లో ఉద్యోగం చేసినవాణ్ణి. చెరువుల పూడిక, కట్టలు, రోడ్లు, అన్నీ చేయించాను. పని మీద ఇంత కోపం అక్కర్లేదు. గంజి పోస్తే సరిపోతుందని కూర్చుని చెప్పడం తేలిక. ఎవరికి పోయాలి? ఎంతమందికి? జాబితా ఎవరు రాస్తారు? జాబితా రాసేవాడి చుట్టాలు ముందుంటారు. పని పెడితే జాబితా దానంతట అదే తయారవుతుంది. కరణం బామ్మర్ది ఎండలో తట్ట మొయ్యడానికి రాడుగా. ఆ పాత పరీక్షలో ఉన్న ఒక్క మంచి అదే.

రెండోది వేళ. 1880 కరువు కమిషన్ రిపోర్టు ఇచ్చాక 1883లో కరువు నియమావళి వచ్చింది. అందులో ముందు శాంపిల్‌కి కొన్ని పనులు తెరవాలి, ఎంతమంది వస్తారో చూడాలి, జనం పెరిగితే కరువు ప్రకటించాలి. పనిచేయలేని ముసలివాళ్లకు, జబ్బుపడ్డవాళ్లకు ఊళ్లోనే ఉచితంగా ఇవ్వాలి. వినడానికి బాగానే ఉంది. కానీ జనం గుంపులుగా వచ్చేదాకా ఆగడం అంటే అప్పటికి వాళ్లు ఎద్దులు అమ్ముకున్నారు, ఇంటి దూలాలు కూడా అమ్ముకున్నారు. రైతు దగ్గర ఇంకా ఎద్దులు ఉన్నప్పుడే పని తెరిస్తే మరుసటి వానకి వాడు మళ్లీ రైతుగానే ఉంటాడు. ఆలస్యమైతే కూలీగా మిగులుతాడు. నేను చూసిన కరువుల్లో పనుల మంజూరు ఎప్పుడూ సంతలో ఎద్దుల ధర పడిపోయాకే వచ్చేది. కలెక్టరాఫీసు కన్నా ఎద్దుల బేరగాళ్లకే కరువు ముందు తెలిసేది.

సీమబిడ్డ
ఏఈ గారు ఎద్దుల గురించి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం.

చెరువుగట్టు తమ్ముడూ, నీ ప్రశ్నకు మా జేజి బతికుంటే ఒప్పుకునేది కాదు. 1952లో సీమలో పెద్ద కరువు. ఊరూరా గంజి కేంద్రాలు పెట్టినారు. మా జేజి అప్పుడు కొత్త కోడలు. చెంబు పట్టుకుని వరుసలో నిలబడాల. ఆ వరుస ఎక్కడ, మా రచ్చకట్ట దగ్గరే. మామ వరసైనోళ్లు, బావ వరసైనోళ్లు అందరూ చూస్తా ఉంటారు. కొంగు మొహం మీదికి లాక్కుని పోయేదట. ఒకరోజు గంజి అయిపోయిందని గరిటెతో అడుగు గీకి చూపిచ్చినాడంట పోసేటోడు. ఆ శబ్దం గురించి ముసలితనంలో కూడా చెప్పేది. ఆ తర్వాత చెరువు పని తెరిస్తే అందరికన్నా ముందు పోయినాది. "అది నా కూలి, ఎవని ముందూ చెంబు చాచలే" అనేది.

ఇంకో మాట కూడా చెప్పేది, అది కూడా రాయాల. ఆ పనిలో ఇద్దరు పడిపోయినారంట ఎండకి. ఒకామె నెలలు నిండినామె.

కాకి_లెక్క
కథలో మొదటి సగం అందరూ పట్టుకుంటారు. "మా జేజి పని కోరుకుంది" అని. ఆ చివరి రెండు లైన్లు వదిలేస్తారు.

సీమబిడ్డ
అందుకే రాసినా.

సముద్రం_అవతల
ఐర్లండ్‌లో ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి చేసి చూశారు. 1845లో బంగాళదుంప తెగులుతో కరువు మొదలైంది. 1846–47 చలికాలంలో జనాన్ని రోడ్ల పనికి పెట్టారు. 1847 మార్చి నాటికి 7 లక్షల మంది పనిలో ఉన్నారు. మంచులో చినిగిన బట్టలతో రాళ్లు కొట్టారు, చేసిన పని కొలిచి కూలి, ఆ కూలి కూడా ఆలస్యం. చాలామంది పని దగ్గరే పోయారు. ఎక్కడికీ పోని రోడ్లు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. చివరికి పనులు మూసేసి సూప్ కేంద్రాలు తెరిచారు. జూలై నాటికి రోజుకు 30 లక్షల మంది తిన్నారు. పనుల కన్నా తక్కువ ఖర్చులో, ఎక్కువమందికి. మళ్లీ శరదృతువు వచ్చేసరికి దాన్నీ ఆపేశారు.

ఆ సాయం లెక్కలన్నీ లండన్ ట్రెజరీలో కూర్చుని నడిపిన పెద్దమనిషి చార్లెస్ ట్రెవెల్యాన్. ఆయనే 1859లో మద్రాసు గవర్నర్‌గా వచ్చాడు.

నిమ్మకాయ_సోడా
అక్కడ అనుభవం చూసి ఇక్కడ ప్రమోషన్ ఇచ్చారన్నమాట.

చెరువుగట్టు
సముద్రం_అవతల చెప్పింది నా వైపు గట్టి పాయింట్. తిండి పెట్టడం చవక కూడా. ఏఈ గారు దీనికి ఏమంటారు?

రిటైర్డ్_ఏఈ
ప్రాణం మీదికి వచ్చాక గంజే. దాంట్లో నాకు వాదన లేదు. నేను చెప్పేది దానికి ముందు నెలల సంగతి. జనం గంజి దగ్గరికి రావాల్సి వచ్చిందంటేనే ప్రభుత్వం అప్పటికే ఓడిపోయిందని. ఐర్లండ్‌లో రోడ్లు వేసింది ఎప్పుడు? పంట రెండోసారి పోయాక. దేహంలో శక్తి పోయాక పని పెట్టారు.

పన్నుకట్టేవాడు
కరువు రోజులు వేరు. ఇప్పుడు ఎవరు చస్తున్నారు ఆకలితో? ఈ ఉపాధి పని పుణ్యమా అని నాట్లకు కూలీలు దొరకడం లేదు. పొద్దున్నే వెళ్లి చెట్టు కింద కూర్చుని ఫోటో దిగి వస్తారు. మా డబ్బుతో సోమరితనం పెంచుతున్నారు. అలవాటైపోయింది జనానికి.

నిమ్మకాయ_సోడా
1834 నుంచి లాగిన్ అయినట్టున్నారు.

అడ్మిన్
వెటకారం కొంచెం తగ్గించండి. ఆయనకు సమాధానం చెప్పేవాళ్లు చెప్పండి.

మేట్_అక్క
నేను చెప్తా. మా గ్రూపుకి నేను మేట్‌ని, అంటే హాజరు వేసి పని చూసుకునేదాన్ని.

చెట్టు కింద కూర్చుంటే డబ్బులు పడవు సార్. పని కొలిచే ఇస్తారు. గుంట తవ్వేటప్పుడు మధ్యలో ఒక మట్టి దిమ్మ ముట్టుకోకుండా వదిలేస్తాం, దాని పైన గడ్డి కూడా అలాగే ఉండాలి. తవ్వకముందు నేల ఎంత ఎత్తున్నదో అదే సాక్ష్యం. టేపు ఆ దిమ్మ పైనుంచి కిందికి వేసి లోతు చూస్తారు. పొడవు, వెడల్పు, లోతు గుణించి వచ్చిన దాన్ని గ్రూపులో అందరికీ పంచుతారు. లోతు నాలుగు వేళ్లు తగ్గినా వారం కూలి తగ్గుతుంది. ఒక ఘనపు మీటరు మట్టి టన్నున్నరకు తక్కువ తూగదు. తట్టకి 20 కిలోలు వేసుకోండి, ఎన్ని తట్టలవుతాయో మీరే లెక్క కట్టండి. తవ్వింది ఒకరు, ఎత్తింది ఒకరు, గట్టు మీద పోసింది ఒకరు. గట్టి నేలైతే ముందురోజు నీళ్లు కొట్టి నానబెట్టుకుంటాం, లేకపోతే గడ్డపార ఎగిరి వస్తుంది.

ఎండాకాలంలో నేల గట్టిపడుతుందని మన రాష్ట్రంలో వేసవి భత్యం కలిపేవాళ్లు. ఎవరో దయతలచి ఇచ్చింది కాదు అది. అదే కొలతకు ఏప్రిల్‌లో ఇద్దరు మనుషుల కష్టం పడుతుంది.

నాట్ల సంగతి. నాట్లకు మీరిచ్చే కూలి ఎంతో, మగవాళ్లకీ ఆడవాళ్లకీ తేడా ఎంతో కూడా రాయండి. ఉపాధి పనిలో ఇద్దరికీ ఒకటే. మా ఊళ్లో ఆ పని వచ్చాక రైతులు ఆడకూలి పెంచారు. అది మీకు నష్టం, మాకు కాదు.

పన్నుకట్టేవాడు
అందరూ మీలా చేస్తున్నారా? చచ్చిపోయినవాళ్ల పేర్ల మీద మస్టర్లు (హాజరు పట్టీలు) పడలేదా?

మేట్_అక్క
పడ్డాయి. సోషల్ ఆడిట్‌లో బయటపడింది కూడా. మండలం దగ్గర ప్రజావేదిక పెట్టి పేర్లు చదువుతుంటే జనమే లేచి "ఆయన పోయి రెండేళ్లయింది" అన్నారు. మీ రోడ్డు కాంట్రాక్టుల లెక్కలు ఏ ఊళ్లో అలా మైకులో చదివారు?

రిటైర్డ్_ఏఈ
దొంగతనం గురించి నన్నడగండి. పాత రోజుల్లో పనికి ఆహారం పథకం కింద బియ్యం వచ్చేవి. జేసీబీ రాత్రి తవ్వేది, మస్టర్లో పగటి పేర్లు ఎక్కేవి. తనిఖీకి వస్తున్నారని తెలిస్తే గుంట గోడల మీద జేసీబీ పళ్ల గీతలు కనపడకుండా నలుగురి చేత పారలతో చెక్కించేవారు. ఆ చెక్కినందుకు మాత్రం వాళ్లకు నిజంగా కూలి ఇచ్చేవారు! బియ్యం నేరుగా మిల్లుకి. 2005 ఉపాధి హామీ చట్టంలో కాంట్రాక్టర్లను, కూలి మనిషిని తప్పించే యంత్రాలను వద్దనడం, కూలికి 60 శాతానికి తగ్గకుండా పెట్టాలనడం ఊరికే రాలేదు.

గోదావరి_గాలి
ఆస్తి మాత్రం ఏం మిగిలింది చెప్పండి. తవ్విన గుంటే మళ్లీ తవ్వడం.

సీమబిడ్డ
మా చేలో తవ్విన పంటకుంట ఉంది. వాన పడితే నిండుతుంది, పక్క బోరులో నీళ్లు రెండు నెలలు ఎక్కువ వస్తాయి. పక్కోడి చేలో కుంట రాతి మీద తవ్వినారు, చుక్క నిలవదు. ఎక్కడ తవ్వాలో అడిగినోడికి కుంట, అడగనోడికి గుంత.

చాక్‌పీసు
పన్నుకట్టేవాడు గారు "ఇప్పుడు ఎవరు చస్తున్నారు" అన్నారు కదా, 2020 సంగతి చెప్తాను. నేను ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. లాక్‌డౌన్‌లో బడి మూసి జీతం ఆపేశారు. రేషన్ మీద మనిషికి నెలకి 5 కిలోల బియ్యం ఉచితంగా వచ్చాయి, నిజంగా ఆదుకున్నాయి. కానీ బియ్యంతో గ్యాస్ బండ రాదు, అమ్మకి బీపీ మాత్రలు రావు. జాబ్ కార్డు మీద పని అడిగాను. బీఈడీ చదివి పలుగూ పారా పట్టావా అని ఇంట్లో ఏడుపు. అక్కడికి వెళ్తే నా క్లాసు పిల్లల తల్లులు. మధ్యాహ్నానికి అరచేతులు బొబ్బలు. ఒక పెద్దావిడ నా చేతిలో పార లాక్కుని, "కర్రని పీక నొక్కినట్టు నొక్కకయ్యా, పైచెయ్యి జారనివ్వు" అని చూపించింది. ఆ ఏడు కేంద్రం ఈ పథకానికి బడ్జెట్‌లో పెట్టిన 61,500 కోట్లకు తోడు ఇంకో 40,000 కోట్లు ఇచ్చింది. ఊరికే ఇవ్వలేదు, నగరాల నుంచి నడిచి వచ్చినవాళ్లు నాలాంటివాళ్లతో కలిసి వరుస కట్టారు కాబట్టి.

చెరువుగట్టు తమ్ముడూ, నా ఓటు రెండింటికీ. బియ్యం ఉచితంగా, డబ్బు పని మీద. ఒకదాని బదులు ఇంకొకటి అంటేనే గొడవ.

కాకి_లెక్క
పని అడిగిన వెంటనే దొరికిందా? డబ్బు ఎప్పుడు పడింది?

చాక్‌పీసు
పని తొందరగానే దొరికింది. డబ్బు కోసం బ్యాంకు మెసేజ్ చూసుకుంటూ కూర్చోవడమే పెద్ద టెన్షన్.

కాకి_లెక్క
అదీ అసలు సంగతి. చట్టంలో 15 రోజుల్లో పని చూపించకపోతే నిరుద్యోగ భృతి అని రాశారు. ఆ భృతి రాష్ట్రం జేబులోంచి పోవాలి. అందుకని ఏం జరిగేది? దరఖాస్తు తీసుకుంటారు, తేదీ వేసిన రసీదు ఇవ్వరు. రసీదు లేకపోతే 15 రోజులు ఎప్పుడు మొదలైనట్టు? హక్కు మొత్తం ఆ చిన్న కాగితం ముక్క మీద ఉంటుంది, అది మాత్రం చేతికి రాదు. టెంపుల్ కూలికీ దీనికీ తేడా లేదనను, చాలా ఉంది. కానీ ఆలస్యంగా ఇచ్చిన కూలి ఆకలిగొన్నవాడికి తక్కువ కూలితో సమానమే.

మేట్_అక్క
రసీదు మాట నిజం. మేం గ్రూపుగా వెళ్లి, ఇచ్చేదాకా ఆఫీసు మెట్ల మీదే కూర్చున్నాం. ఒక్కరు వెళ్తే ఇవ్వరు.

లెక్కలమాస్టారు
మేట్_అక్క చెప్పింది చదివితే 1877లో బొంబాయి ప్రెసిడెన్సీ గుర్తొచ్చింది. అక్కడ కూడా ఇదే తగ్గించిన కూలి పెట్టి, సొంత ఊళ్లకు దూరంగా శిబిరాలకు వెళ్లమంటే కరువు కూలీలు పని మానేసి కూర్చున్నారు. లక్ష మందికి పైగా. తిండి లేనివాళ్లు సమ్మె చేశారు! పుణె సార్వజనిక సభవాళ్లు, అంటే గణేశ్ వాసుదేవ్ జోషి, రానడే లాంటివాళ్లు, వెనక నిలబడ్డారు. ఉచిత గంజి వరుసలో ఉన్నవాడికి అలా మానేసే బలం ఉండదు. వాడు మానేస్తే వాడికే నష్టం. పని చేసేవాడు మానేస్తే ఎదుటివాడి పని ఆగుతుంది.

చెరువుగట్టు ప్రశ్నలో నాకు నచ్చనిది ఒక్కటే, పనినీ పరీక్షనీ ఒకటిగా చూడటం. దుర్మార్గం పనిలో లేదు, దాన్ని జనాన్ని తరిమేయడానికి వాడుకోవడంలో ఉంది.

చెరువుగట్టు
ఒప్పుకోను మాస్టారూ. పని చేయలేనివాళ్ల మాటేంటి? సీమబిడ్డ అక్క జేజి చెప్పిన ఆ నెలలు నిండినామె పనికి ఎందుకు వచ్చింది? వేరే దారి లేక. పని ఒక్కటే దారి అయినప్పుడు అది తరిమేయడానికి పెట్టారా, పిలవడానికి పెట్టారా అనేది ఆమెకి అనవసరం.

సీమబిడ్డ
అక్క కాదు, అన్నని. మిగతాదంతా కరెక్టు.

నిమ్మకాయ_సోడా
😂😂

తాతలనాటి_కబుర్లు
పని చేయలేనివాళ్లకు మన దగ్గర పెట్టినవాళ్లు లేకపోలేదు. ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి కరువులో వేలమందికి అన్నం పెట్టాడని సీమలో ఇప్పటికీ పాడుకుంటారు. మా వైపు లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారు, వేళాపాళా లేకుండా వచ్చినవాళ్లకు వచ్చినట్టు వడ్డించేది. ఎవరినీ పరీక్ష పెట్టలేదు.

రిటైర్డ్_ఏఈ
వాళ్లకి దండం. కానీ ఒక దాత ఉన్న ఊరు బతుకుతుంది, పక్క తాలూకా? అందుకే అది దాతల చేతిలో పెట్టే పని కాదన్నది.

చెరువుగట్టు
సరే, చివరి ప్రశ్న. పని వల్ల చావులు ఆగిన కేసు నిజంగా ఉందా? 1877 చూస్తే పనులు పెట్టినా చచ్చారు.

లెక్కలమాస్టారు
ఉంది. 1972–73 మహారాష్ట్ర. వరసగా వానలు లేక పంట ఘోరంగా పడిపోయింది. ఊళ్ల దగ్గరే పనులు తెరిచారు, రోడ్లు, చెరువులు, గట్లు. 1973 ఎండాకాలంలో ఒక దశలో 50 లక్షలకు దగ్గరగా జనం ఆ పనుల మీద ఉన్నారు. ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో వచ్చారు. 1877తో పోలిస్తే చావులు లేనట్టే. కిటుకు ఎక్కడుందంటే, కూలి డబ్బుగా ఇచ్చారు. చేతిలో డబ్బున్న చోటికి వ్యాపారులు ధాన్యం తెచ్చారు, సర్కారు దుకాణాల్లో ఉన్నది కొంచెమే అయినా. 1877లో కూలి అంత తక్కువ ఇస్తే ఏ వ్యాపారి బండి కడతాడు? ఎక్కువ ధర పలికే చోటికే ధాన్యం పోయింది.

ఆ అనుభవంతోనే మహారాష్ట్ర 1977లో ఉపాధి హామీ చట్టం చేసింది, 2005 చట్టానికి మూలం అదే. మొదలుపెట్టింది మాత్రం మన దగ్గర, 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. నీ మొదటి పోస్టులో అడిగిన దానికి జవాబు ఇది. వంశవృక్షంలో టెంపుల్ ఉన్నాడు, కానీ ముత్తాతగా. అప్పుడు రమ్మని ఎవరూ పిలవలేదు, వచ్చినవాణ్ణి ఎలా తగ్గించాలా అని చూశారు. ఇక్కడ అడిగితే ఇవ్వాల్సిందేనని కాగితం మీదైనా రాశారు.

సీమబిడ్డ
బండ్లపల్లి మా పక్కనే. ప్రధాని వచ్చిన రోజు రోడ్డు వేసినారు, అది మాత్రం నిజంగా పనికొచ్చింది 😀

కాకి_లెక్క
మహారాష్ట్ర సంగతిలో ఒకటి కలపండి మాస్టారూ. చావులు ఆగాయి, పశువులు ఆగలేదు. లక్షల్లో పోయాయి, అమ్ముడుపోయాయి. ఏఈ గారు చెప్పిన ఎద్దుల లెక్క అక్కడా తప్పలేదు.

రిటైర్డ్_ఏఈ
అందుకే మా జిల్లాలో మేం కూలి పనులతో పాటు పశువులకు గడ్డి శిబిరాలు అడిగేవాళ్లం. పనులకు మంజూరు వచ్చేది, గడ్డి ఫైలు వేరే శాఖది.

పన్నుకట్టేవాడు
గడ్డి శిబిరం పెడితే నేను వ్యతిరేకించను. పశువు సోమరిది కాదు.

మేట్_అక్క
మీరు ఒకరోజు మా గ్రూపుకి రండి సార్. దిమ్మ వదిలి తవ్వడం నేర్పిస్తా. కూలి అందరితో సమానంగా పంచుతాం.

పన్నుకట్టేవాడు
నడుం నొప్పి ఉందమ్మా.

నిమ్మకాయ_సోడా
పరీక్ష ఫెయిల్.